కురుసురలో మనిషికి మిగిలిన చోటు

ఓడలో ఒక్క రాత్రయినా పడుకోవాలన్న కోరిక విశాఖ వాళ్లకి ఎవరూ నేర్పనక్కర్లేదు. సాయంత్రం బీచ్ రోడ్డు మీద నిలబడితే చాలు, రేవులోకి వెళ్లే వంతు కోసం లంగరు వేసుకున్న ఓడల దీపాలు దూరాన వరుస కట్టి కనిపిస్తాయి. వాటిలో ఎవరు ఉంటారు, ఎక్కడ పడుకుంటారు, అల లేచినప్పుడు మంచం కదలదా అని పిల్లలు అడుగుతారు. పెద్దవాళ్లలో చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఓడల ఊళ్లో పుట్టి పెరిగినా ఓడ లోపలి బతుకు మనలో ఎక్కువమంది చూడలేదు.

కొన్ని ఊళ్లు ఈ కోరికను తీర్చాయి. 1888లో కట్టిన ఆఫ్ చాప్‌మన్ అనే తెరచాప ఓడ స్టాక్‌హోమ్‌లో 1949 నుంచి యాత్రికుల హాస్టల్‌గా నడుస్తోంది. 1936లో తొలి ప్రయాణం చేసిన క్వీన్ మేరీ అమెరికాలోని లాంగ్ బీచ్‌లో హోటల్ అయింది. మన తెలుగువాళ్లు ఎందరో పనిచేసే దుబాయ్‌లో క్వీన్ ఎలిజబెత్ 2 అనే మహా నౌక 2018లో హోటల్‌గా తలుపులు తెరిచింది. విశాఖకూ అలాంటి అవకాశం వచ్చినట్టే వచ్చింది. 2020 అక్టోబరులో వాయుగుండం గాలులకు ఎంవీ మా అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చింది. దాన్ని రెస్టారెంటుగా, బస చేసే చోటుగా మార్చాలని పర్యాటక శాఖ తలపెట్టింది. ఊరు ఊరంతా వెళ్లి ఆ ఓడతో ఫొటోలు దిగింది. హోటల్ మాత్రం కాలేదు.

అయినా నౌకలో రాత్రి ఎలా గడుస్తుందో చూపించేది విశాఖలో ఒకటుంది. రామకృష్ణా బీచ్ ఇసుక మీద 2002 నుంచి నిలబడి ఉన్న ఐ.ఎన్.ఎస్. కురుసుర అనే సబ్‌మెరైన్. ఇందులో గదులు అద్దెకు ఇవ్వరు. టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్లి, ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి రావడమే. కానీ ఓడ హోటళ్లలోని ఖరీదైన గదులు చెప్పలేని సంగతి ఒకటి ఈ సబ్‌మెరైన్ చెబుతుందని నా నమ్మకం. నౌక కట్టినవాళ్ల పనితనం ఇంజను గదిలో ఎంత కనిపిస్తుందో, మనిషి నడుం వాల్చే చోట కూడా అంతే కనిపిస్తుంది. యంత్రాలన్నీ సర్దాక మనిషికి ఎంత మిగిలింది, ఆ మిగిలినదాంట్లో అతను ఎలా నెగ్గుకొచ్చాడు అని చూస్తే కట్టడం మొత్తం విప్పి చెప్పినట్టవుతుంది. కురుసురను అలా పడకల వైపు నుంచి చూద్దాం.

లెనిన్‌గ్రాడ్ నుంచి విశాఖ దాకా

సోవియట్ యూనియన్ 641 అని నంబరు పెట్టి రూపొందించిన డీజిల్ సబ్‌మెరైన్లను నాటో దేశాలు ఫాక్స్‌ట్రాట్ అనేవి. భారత నౌకాదళం కోసం వాటినే కొన్ని మార్పులతో, మన వేడి సముద్రాలకు తగ్గట్టుగా, లెనిన్‌గ్రాడ్‌లో కట్టారు. మొదట వచ్చినవి నాలుగు: కల్వరి, ఖండేరి, కరంజ్, కురుసుర. నాలుగోదైన కురుసుర 1969 డిసెంబరు 18న రీగా రేవులో నౌకాదళంలో చేరింది. తొలి కమాండింగ్ ఆఫీసర్ అరుణ్ ఆడిట్టో. మరుసటి ఫిబ్రవరిలో ఇంటిదారి పట్టింది. 1967 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం తర్వాత సూయజ్ కాలువ మూతపడి ఉంది కాబట్టి దగ్గరి దారి లేదు. గోథెన్‌బర్గ్, లా కొరునా, ఘనాలోని టకొరాడి, మారిషస్ రేవుల్లో ఆగుతూ ఆఫ్రికాను చుట్టి రావలసి వచ్చింది. సిబ్బందికి ఈ నౌకలో నిద్రపోవడం అలవాటు చేసింది ఆ పొడవాటి ప్రయాణమే అయి ఉంటుంది.

వచ్చిన ఏడాదికే 1971. విశాఖ చరిత్రలో ఆ సంవత్సరానికి ప్రత్యేకమైన చోటుంది. జనవరి 20న ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. మే నెలలో వీరబాహు పేరుతో సబ్‌మెరైన్ల స్థావరం ఇక్కడ మొదలయింది. డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ డిసెంబరు 3-4 రాత్రి మన తీరం ఎదుటే మునిగిపోయింది. కురుసుర ఆ యుద్ధకాలంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది.

తర్వాతి బతుకు అంత సాఫీగా సాగలేదు. 1975 నుంచి కొన్నేళ్లు దీన్ని కట్టిపెట్టి, ఇందులోని విడిభాగాలు తీసి తోటి సబ్‌మెరైన్లకు వేశారు. 1980లో సోవియట్ యూనియన్‌కు పంపి పూర్తి మరమ్మతు చేయించి 1982లో తెచ్చుకున్నారు. మొత్తం మీద 31 ఏళ్ల కొలువులో కురుసుర 73,500 నాటికల్ మైళ్లు తిరిగింది. భూమి చుట్టుకొలతకు మూడు రెట్లు దాటిన దూరం. 2001 ఫిబ్రవరి 27న విధుల నుంచి తప్పుకుంది.

బయట ఇంత, లోపల అంతే

కురుసుర పొడవు 91.3 మీటర్లు, వెడల్పు 7.5 మీటర్లు. నీటిపైన తేలుతున్నప్పుడు సుమారు 1,950 టన్నులు, మునిగినప్పుడు 2,475 టన్నులు. ఇసుకలో నిలబడి తలెత్తి చూస్తే ఇంత పెద్దదా అనిపిస్తుంది. లోపలికి వెళ్లాక ఇంతేనా అనిపిస్తుంది. ఈ రెండు మాటల మధ్య తేడా ఎక్కడికి పోయిందో కనుక్కుంటే కట్టినవాళ్ల లెక్క దొరుకుతుంది.

బీచ్ రోడ్డు నుంచి మనకు కనబడేది పైపొర మాత్రమే. నీటిని చీల్చుకుని పోవడానికి వీలైన ఆకారం ఇవ్వడం దాని పని. దాని లోపల ఇంకో గొట్టం ఉంది. గుండ్రంది, మందమైంది, సముద్రపు బరువంతా మోసేది. రెంటికీ మధ్య ఉన్న సందులో నీటి తొట్లు, ఇంధనపు తొట్లు. మునగాలంటే తొట్లలోకి సముద్రాన్ని రానిస్తారు. తేలాలంటే సీసాల్లో కూరి దాచిన గాలిని వదిలి ఆ నీటిని బయటికి తోస్తారు. సబ్‌మెరైన్ మునగడం, తేలడం ఈ సందులోనే జరుగుతుంది. అందుకే మనుషులకు దక్కింది లోపలి గొట్టం ఒక్కటే.

ఆ గొట్టం మీద పడే బరువు ఎంతో తెలిస్తే ఇరుకు మీద ఫిర్యాదు ఉండదు. 250 మీటర్ల లోతుకు దిగేసరికి ప్రతి చదరపు సెంటీమీటరు మీదా పాతిక కిలోల ఒత్తిడి ఉంటుంది. అరచెయ్యి ఆనేంత ఉక్కు రెండున్నర టన్నులు మోస్తూ నిలబడాలి, అది కూడా ఒక్క చుక్క కారకుండా. ఒత్తిడి అన్ని దిక్కుల నుంచీ ఒకేలా వస్తుంది కాబట్టి దాన్ని సమంగా పంచుకోగలిగేది గుండ్రని ఆకారమే. అతుకు దగ్గర వెల్డింగ్ తేడా వచ్చినా, గుండ్రంలో కాస్త వంకర వచ్చినా సముద్రం ఆ చోటునే పట్టుకుంటుంది. గొట్టాన్ని పెంచితే ఉక్కు మందం పెరగాలి, బరువు పెరగాలి, నడపడానికి శక్తి పెరగాలి. ఒక్కొక్క అంగుళానికీ ఇంత ధర ఉన్నప్పుడు మనిషికి మిగిలేది లెక్క చూసి మిగిల్చిన చోటే.

గొట్టాన్ని అడ్డంగా ఏడు గదులుగా విడదీశారు. వెదురుబొంగులో కణుపులు ఎలాగో ఇందులో అడ్డుగోడలు అలాగ. ఒక గదిలోకి నీరు వచ్చినా పక్క గది పొడిగా ఉంటుంది. గదికీ గదికీ మధ్య ద్వారాలు గుండ్రటి కంతలు. ముందు ఒక కాలు, తర్వాత తల, ఆ తర్వాత నడుం. అలవాటు లేనివాళ్లు తల తగిలించుకుంటారు. గట్టిగోడలో ఎంత చిన్న కంత పెడితే గోడ అంత గట్టిగా ఉంటుందన్న లెక్క మన మోకాళ్లకే తెలిసివస్తుంది. ఆ కంతను మూసే బరువైన తలుపు, అంచు చుట్టూ నీరు చొరకుండా ఆనించిన పట్టీ, బిగించే పిడి, ఇవి నిదానంగా చూడదగినవి. వెనక జనం తోస్తున్నా ఒక్క నిమిషం ఆగి చూడండి.

ఏడు గదులు

ముందు కొసన మొదటి గది టార్పెడోలది. గోడలో ఆరు గుండ్రటి మూతలు, వాటి వెనక ఆరు గొట్టాలు. ఒక్కో గొట్టం లోపలి వ్యాసం 533 మిల్లీమీటర్లు. వెనక కొసన ఏడో గదిలో మరో నాలుగు. మొత్తం పది గొట్టాలు, 22 టార్పెడోలు. టార్పెడోలకు బదులు ఆ చోట సముద్రంలో పరిచే మైన్లు 44 దాకా తీసుకుపోవచ్చు. ఒక్కో టార్పెడో ఏడు మీటర్లు దాటిన పొడవు, టన్నుల బరువు. అలాంటివాటిని ఊగే నౌకలో, ఇంత గదిలో, మీసమంత తేడా లేకుండా గొట్టంలోకి జార్చాలి. పట్టాలు, ఊచలు, గొలుసులు, బిగింపులు అన్నీ ఆ ఒక్క కదలిక కోసం అమర్చినవి.

రెండో గది అధికారులది. కాబిన్లు అన్నీ ఒకపక్క, నడవ ఇంకోపక్క. ఈ నౌకలో తలుపు వేసుకుని ఒంటరిగా కూర్చోగల మనిషి ఒక్కడే, కమాండింగ్ ఆఫీసర్. అధికారులు భోంచేసే బల్లే అవసరం పడితే ఆపరేషన్ బల్ల. ఒక వస్తువుకు ఒకే పని అన్నది ఇక్కడ చెల్లదు.

ఆ గది నేల కింద ఏముందో తెలుసుకుంటే ఆశ్చర్యం రెట్టింపవుతుంది. బ్యాటరీలు. మొత్తం 448 సెల్లులు, 112 చొప్పున నాలుగు వర్గాలు, రెండో గది కిందా నాలుగో గది కిందా పంచి పెట్టారు. ఒక్కో సెల్లు వందల కిలోల బరువు. ఇంత బరువు నౌక అడుగున, మధ్య భాగానికి దగ్గరగా ఉండటం వల్లే నౌక నిలకడగా ఉంటుంది. నీటి కింద డీజిల్ ఇంజన్లు నడవవు, వాటికి గాలి కావాలి. అక్కడ నడిపించేవి ఈ బ్యాటరీలే. చార్జింగ్ జరిగేటప్పుడు వీటి నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది. ఆ వాయువు పోగుపడితే నిప్పురవ్వ చాలు. అందుకే గాలిని లాగే ఫ్యాన్లు, గొట్టాలు, కొలిచే పరికరాలు నేల కింద ఒక వ్యవస్థగా అల్లుకుని ఉంటాయి. అధికారులైనా, నాలుగో గదిలోని పెట్టీ ఆఫీసర్లయినా నిద్రపోయింది ఈ బ్యాటరీల మీదే.

మూడోది కంట్రోల్ రూమ్. పెరిస్కోపులు ఇక్కడి నుంచే లేస్తాయి. గోడ అన్నది కంటికి కనిపించదు. కొలత ముళ్లు, చేత్తో తిప్పే చక్రాలు, రాగి గొట్టాలు, కేబుళ్ల కట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. మొదట గజిబిజిగా తోస్తుంది. కాసేపు నిలబడి చూస్తే క్రమం తెలుస్తుంది. ఒక మనిషి కూర్చున్న చోటు నుంచి లేవకుండా చెయ్యి చాపితే అందాల్సినవి అతని చేతికందే దూరంలో ఉన్నాయి, తరచు చూడాల్సినవి కంటికి ఎదురుగా ఉన్నాయి. కంప్యూటరు తెర లేని కాలంలో నౌక ఒంట్లో ఏం జరుగుతోందో ఒక్క గదిలో చదవగలిగేట్టు అమర్చారు.

నాలుగో గదిలో వంటిల్లు. డెబ్బై అయిదు మందికి మూడు పూటలా వండిన వంటిల్లు ఇంతేనా అని ఆడవాళ్లు ఆగి చూసే చోటు ఇదే. మంట లేదు, అంతా కరెంటు పొయ్యి మీద. నీటి కింద నిప్పు రాజేస్తే ముందు తినేది మనుషులు పీల్చే గాలిని. బయలుదేరిన కొత్తలో కూరగాయలు, తర్వాత డబ్బాల్లో నిల్వ చేసిన తిండి. బియ్యం, పప్పు, ఉల్లిపాయలు ఖాళీగా దొరికిన ప్రతి సందులోనూ దూర్చాల్సిందే.

అయిదో గదిలో మూడు డీజిల్ ఇంజన్లు, ఒక్కోటి రెండు వేల హార్స్‌పవర్. వాటి మధ్య నడిచే దారిలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవాలి. ఆరో గదిలో విద్యుత్ మోటార్లు. వాటి నుంచి మూడు ఇరుసులు వెనక్కి పోయి మూడు ప్రొపెల్లర్లను తిప్పుతాయి. పెద్ద మోటార్లతో పాటు 140 హార్స్‌పవర్ చిన్న మోటారు ఒకటుంది. చప్పుడు లేకుండా, బ్యాటరీ కరగకుండా, నెమ్మదిగా జారుకుంటూ పోవడానికి అది. వేల హార్స్‌పవర్లున్న చోట ఆ చిన్నదాన్ని ప్రత్యేకంగా అమర్చడంలో రూపకర్తల ముందుచూపు కనిపిస్తుంది. సబ్‌మెరైన్ ప్రాణం వేగంలో కంటే నిశ్శబ్దంలో ఉందని వాళ్లకు తెలుసు.

వంతుల నిద్ర

ఇప్పుడు పడకల దగ్గరికి వద్దాం. కురుసుర మనుగడ 75 మంది మీద. ఎనిమిది మంది అధికారులు, 67 మంది సెయిలర్లు. అందరికీ తలా ఒక పడక పెట్టే చోటు లేదు. పెట్టాల్సిన అవసరమూ లేదని రూపకర్తలు లెక్క వేశారు. సిబ్బంది మూడు వంతులుగా పనిచేస్తారు. ఒక వంతు డ్యూటీలో ఉన్నప్పుడు ఆ వంతువాళ్ల పడకలు ఖాళీ. కాబట్టి ఒకరు లేచి వెళ్లగానే అదే పరుపు మీద ఇంకొకరు వాలేవారు. పరుపు చల్లబడే సందు ఉండేది కాదు.

ముందరి టార్పెడో గదిలో అదనపు టార్పెడోలను పెట్టే చట్రాల దగ్గరే పడకలు వేలాడదీశారు. ఏడో గదిలో గొట్టాలు ఉన్నా అదనపు టార్పెడోల బరువు లేదు కాబట్టి అక్కడ పడకలు ఒకదాని మీద ఒకటి అంతస్తులుగా వచ్చాయి. ఒక్కో పడక వెడల్పు మనిషి భుజాలంత. పైపడక అడుగు కింద పడుకున్నవాడి ముఖానికి జానెడు పైన. పక్కకు తిరిగి పడుకోవాలంటే ముందు ఆలోచించుకోవాలి. అయితే ఆ ఇరుకులోనే జాగ్రత్త కూడా ఉంది. నౌక ఒరిగినప్పుడు మనిషి దొర్లిపోకుండా అంచున ఊచ, పని ఉన్నప్పుడు మడిచి పైకి లేపి కట్టేసే వీలు, పక్కనే సొంత సామాను కోసం చిన్న అర. సొంతం అని చెప్పుకోవడానికి నెలల తరబడి అతనికి ఉన్నది ఆ అర ఒక్కటే.

పడక చుట్టూ రాత్రి ఎలా ఉండేదో ఊహించాలి. లోపల రాత్రీ పగలూ ఒకటే, కిటికీ లేదు. సూర్యుడు ఎక్కడున్నాడో చెప్పేది గడియారం. డీజిల్ వాసన బట్టల్లోకి, జుట్టులోకి, పరుపులోకి ఎక్కి, ఒక పట్టాన పోయేది కాదు. మంచినీళ్లు కొలిచి వాడేవారు, స్నానం అరుదు. మరుగుదొడ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. నీటి కింద గంటలు గడిచేకొద్దీ గాలి బరువెక్కేది. డీజిల్ ఇంజన్లు నడిపినప్పుడు చప్పుడు, ఆపి బ్యాటరీల మీద జారుతున్నప్పుడు చెవులు గింగురుమనే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో గరిటె జారిపడినా శత్రువు వినగలడు. నిద్రలో ఉన్నవాడితో సహా అందరూ మెత్తగా మసలాల్సిందే.

ఇవన్నీ భరించినవాళ్లలో ఎందరో విశాఖలో స్థిరపడ్డారు. ఈ ప్రదర్శనశాలలో గైడ్లు నౌకాదళంలో పనిచేసి రిటైరయినవాళ్లు. వాళ్లు చెప్పేటప్పుడు చెయ్యి గాలిలో ఎటు పోతుందో చూడండి. వాల్వు పేరు పలికేలోపే చెయ్యి దాని మీద ఉంటుంది. బోర్డు మీద రాసి పెట్టిన సమాచారం ఇవ్వలేని జ్ఞానం అది. లోపల అక్కడక్కడా సెయిలర్ల బొమ్మలు పెట్టారు. పిల్లలకు బాగానే ఉంటాయి. కానీ పడకల దగ్గర బొమ్మను కాకుండా ఖాళీ పడకను చూడమని పిల్లలకు చెబుతాను. అందులో తమ ఒళ్లు పడుతుందో లేదో వాళ్లే కొలుచుకుంటారు.

ఇసుక మీదికి

నౌకను కట్టిన పనితనం లెనిన్‌గ్రాడ్‌ది. నేల మీద నిలబెట్టిన పనితనం విశాఖది. దీన్ని ప్రదర్శనశాల చేయాలన్న ఆలోచన అడ్మిరల్ వి. పస్రిచాది అని చెబుతారు. ఆలోచన వచ్చాక అసలు సమస్య మొదలయింది. ఈ నౌక తేలాలంటే సుమారు ఆరు మీటర్ల లోతు నీరు కావాలి. రామకృష్ణా బీచ్ దగ్గర ఒడ్డు సమీపంలో అంత లోతు ఉండదు, పైగా అలలు విరిగేది అక్కడే. రేవులో ఉన్నట్టు ప్రశాంతమైన నీరు కాదు. అంటే తేలుతున్న నౌకను ఒక హద్దు దాటాక ఈడ్చుకురావాలి. దాదాపు రెండు వేల టన్నుల బరువు, తొంభై మీటర్ల పొడవు, అడుగు గుండ్రం, కింద కదిలే ఇసుక. ఒక కొస ముందుకు లాగితే రెండో కొసను అలలు పక్కకు తోస్తాయి. అడుగున ఒకచోట ఆనుకుని మరోచోట ఖాళీ ఏర్పడితే ఆ బరువుకు ఒళ్లు వంగిపోగలదు. సముద్రం అన్ని వైపులా సమంగా నొక్కితే తట్టుకునేలా కట్టిన గొట్టం అది, ఒక్క చోట మోపితే తట్టుకునేలా కట్టింది కాదు.

సముద్రం నుంచి ఇప్పుడున్న చోటుకు ఈడ్చిన దూరం సుమారు 600 మీటర్లు. కొలువు వదిలిన నాటి నుంచి జనానికి తలుపులు తెరిచేదాకా పద్దెనిమిది నెలలు పట్టింది, అయిదున్నర కోట్ల రూపాయల దాకా ఖర్చయింది. 2002 ఆగస్టు 9న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రారంభించారు. అదే నెల 24 నుంచి జనం లోపలికి వెళ్తున్నారు. దక్షిణాసియాలో మొదటి సబ్‌మెరైన్ ప్రదర్శనశాల ఇది. అంతటి పొడవాటి నౌకను ఒంగకుండా, పగలకుండా, నిటారుగా ఇసుక మీద నిలిపిన ఆ పనిని ఈ రోజు ఎవరూ గమనించరు. ఎక్కడా వంకర కనిపించకపోవడమే అందుకు కారణం, ఆ పనిచేసినవాళ్లకు అంతకంటే పెద్ద కితాబు లేదు.

తుప్పుతో రోజూ పోరు

నీళ్లలో ఉన్న నౌకకంటే ఒడ్డున నిలబెట్టిన నౌకకు ప్రాణాపాయం ఎక్కువ. కొలువులో ఉన్నప్పుడు క్రమం తప్పకుండా డాక్‌లోకి ఎక్కించి గీకి, రంగు వేసి, అరిగిన పలకలు మార్చి పంపుతారు. ఇసుక మీద నిలబెట్టాక దాన్ని ఎక్కడికీ కదపలేరు, వచ్చిన ఉప్పుగాలిని వచ్చినట్టు మోయాల్సిందే. విశాఖలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఏ ఇంటివాళ్లని అడిగినా కిటికీ ఊచలు ఎంతకాలం ఉంటాయో చెబుతారు. ఇక్కడ ఉన్నది ఎకరాల కొద్దీ ఉక్కు, బయటా లోపలా. 2007 చివర్లో పైపొర తుప్పు తినేసిందని తేలింది. దెబ్బతిన్న చోట కొత్త ఉక్కు పలకలు వేసి సరిచేశారు. అప్పటి వుడా, ఇప్పటి వీఎంఆర్‌డీఏ చేతుల్లో ఈ పని ఎప్పటికీ ఒడవనిది. గీకడం, ప్రైమర్ పూయడం, రంగు వేయడం, మళ్లీ మొదటికి రావడం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీద పడింది. బీచ్ రోడ్డు కోసుకుపోయింది, చెట్లు వేళ్లతో లేచాయి. కురుసుర నిలబడింది. ఇసుక కోత ఈ తీరానికి ఎప్పుడూ ఉన్న బెంగే. రేవు కట్టడాల వల్ల ఇసుక పారకం తెగి ఈ బీచ్ సన్నబడుతుంటే, డ్రెడ్జర్లతో ఇసుక తవ్వి తెచ్చి పోస్తుంటారు. ఒక నౌకను కాపాడటమంటే దాని కింది నేలనూ కాపాడటమే అన్నమాట.

ఇంకో సంగతి చెప్పాలి. కొలువు వదిలిన నౌక అయినా కురుసురకు ‘డ్రెస్సింగ్ షిప్’ గౌరవం దక్కుతోంది. పండుగ రోజుల్లో కొలువులో ఉన్న నౌకలకు జెండాలు కట్టి అలంకరించినట్టే దీన్నీ అలంకరిస్తారు. లోపలి సామగ్రి చాలావరకు మొదట ఉన్నట్టే ఉంచినందుకు, రోజూ కనిపెట్టుకుని ఉన్నందుకు ఈ మర్యాద న్యాయమైనదే.

మార్చకుండా ఉంచడం కూడా పనితనమే

ఓడను హోటల్ చేయడం తప్పని నేను అనను. దానివల్ల ఓడ బతుకుతుంది, బిల్లులు కట్టగలుగుతుంది. కానీ దానికి ఒక ధర ఉంది. క్వీన్ మేరీని లాంగ్ బీచ్‌లో హోటల్‌గా మార్చినప్పుడు ఇరవయ్యేడు బాయిలర్లనూ తీసేశారు, ఇంజను గదుల్లో ఒకటి మాత్రం మిగిల్చారు. అతిథికి మెత్తటి మంచం, వేడి నీళ్లు, వెడల్పాటి తలుపు కావాలి. అవి ఇవ్వాలంటే పాత ఓడలో ఏదో ఒకటి తీసేయాలి. తీసేసినదే కొన్నిసార్లు ఆ ఓడ కథ.

మరో దారి కూడా ఉంది. అమెరికాలోని మానిటోవాక్‌లో రెండో ప్రపంచ యుద్ధ కాలపు కోబియా అనే సబ్‌మెరైన్‌లో ప్రదర్శనశాల వాళ్లు రాత్రి బసకు వీలు కల్పించారు. అక్కడ అతిథులు పడుకునేది సిబ్బంది పడుకున్న పడకల్లోనే. సౌకర్యం అడగకుండా అనుభవం కోసం వచ్చేవాళ్ల కోసం అది. కురుసురలో అలాంటి ఏర్పాటు ఏదో ఒక రోజు వస్తుందేమో అని నాకు ఆశ ఉంది. వస్తే మాత్రం పడకలు వెడల్పు చేయకుండా, కంతలు పెంచకుండా రావాలి.

మన దేశంలోనే ఇంకో ఉదాహరణ మర్చిపోకూడదు. ఘాజీ వెతుక్కుంటూ వచ్చిన ఆ విక్రాంత్‌ను, మొదటి విమానవాహక నౌకను, ప్రదర్శనశాలగా నిలుపుకోలేకపోయాం. 2014లో వేలం వేసి ముక్కలు చేశారు. అంత పేరున్న నౌకనే పోగొట్టుకున్న దేశంలో ఒక సబ్‌మెరైన్‌ను లోపలి అమరికతో సహా రెండు దశాబ్దాలకు పైగా కాపాడుకొస్తున్న ఊరు విశాఖ. ఇది చిన్న విషయం కాదు.

ప్రేక్షకులకు వీలుగా కురుసురలో మార్పులు అసలు చేయలేదని కాదు. సిబ్బంది పైనుంచి నిలువు నిచ్చెన దిగేవారు. మనం మెట్లెక్కి నడిచి లోపలికి వెళ్తాం. ముసలివాళ్లు, పిల్లలు చూడాలంటే ఆ దారి కావాలి. అయితే అక్కడితో ఆపారు. గుండ్రటి కంతలు కోసి తలుపులు పెట్టొచ్చు, పెట్టలేదు. బ్యాటరీ గదుల మీద ఒక హాలు వేయొచ్చు, వేయలేదు. ఎక్కడ చెయ్యి ఆపాలో తెలియడమే పునరుద్ధరణలో కష్టమైన విద్య. అది ఇక్కడ కనబడుతుంది.

ఈ ఊరిలో ఓడలు కట్టడం 1941లో వాల్‌చంద్ హీరాచంద్ సింధియా షిప్‌యార్డును నెలకొల్పినప్పటి నుంచీ ఉంది. 1948లో నెహ్రూ జల ఉష అనే ఓడను నీటిలోకి వదిలింది ఇక్కడే. ఉక్కు కరిగించేవాళ్లు, వెల్డింగ్ చేసేవాళ్లు, సబ్‌మెరైన్లలో పనిచేసి వచ్చినవాళ్లు ఒకే బస్సులో ప్రయాణించే ఊరు ఇది. రేపు ఎవరైనా పాత నౌక ఒకటి దొరికితే దాన్ని హోటల్ చేయాలని మళ్లీ అనుకోవచ్చు, అనుకోవాలి కూడా. అప్పుడు మొదట వాళ్లు కురుసుర ఏడు గదుల్లోనూ టేపు పట్టుకుని తిరగాలి. ఏ పడక ఎంత వెడల్పుందో, ఏ కంత ఎందుకు అంత చిన్నగా ఉందో రాసుకోవాలి. కొత్తగా ఏమేం పెట్టాలన్న జాబితాకు ముందు ఏమేం ముట్టకూడదన్న జాబితా తయారు చేయాలి. ఆ జాబితా చేయగల మనుషులు ఈ ఊరిలోనే ఉన్నారు, వాళ్లను పిలిచి అడిగితే చాలు.